ముక్క పారేయడం నేర్పిన మనిషి

మా పెదనాయన పిచ్చయ్యగారు బత్తాయి తోటలో గుండె ఆగి కన్నుమూశారన్న దుర్వార్త మొన్న మార్కాపురం బస్టాండులో నా చెవిన పడింది. కొనకనమిట్ల బస్సు ఎక్కాను గానీ దారి పొడవునా నమ్మబుద్ధి కాలేదు. జీవితంలో ఏనాడూ తొందరపడని మనిషి, పోవడానికి మాత్రం ఇంత తొందరపడ్డారు.

మూడు ముక్కలాటలో ఆయనకు సాటి మా చుట్టుపక్కల లేరు. పందెం చింతపిక్కలే, ఎవరైనా రూపాయి తీస్తే లేచిపోయేవారు. ఓ పెళ్లింట్లో చేతిలో రాజుల జత ఉండగా ఆట వదులుకుని ముక్కలు కింద పడేశారు. ఎదురుగా కూర్చున్నది పక్క చేను సుబ్బయ్య. ముక్కలు బాగాలేకుంటే గలగలా మాట్లాడే సుబ్బయ్య ఆ రోజు మూగనోము పట్టాడు. తీరా చూస్తే అతని చేతిలో జతను మించిన మూడు తొమ్మిదులు! “పడేది అదృష్టం, పారేసేది తెలివి నాయనా,” అని నాకు ఉపదేశించారు. చదువులోనూ ఉద్యోగంలోనూ ఆ మాట పట్టుకునే నడిచాను.

అంతటి వివేకి బోర్ల దగ్గర ఓడిపోయారు. వానలు మొహం చాటేసి తోట ఎండుతుంటే, అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు చూసేవాడు గుర్తుపెట్టిన చోటల్లా వేయించారు. మాది పలక రాయి నేల. నీళ్లకు బదులు నల్లటి పిండి లేచింది. గట్టు అవతల సుబ్బయ్యకేమో మొదటి బోరుకే గంగ పొంగింది. ఆటలో ఎప్పుడూ ఓడేవాడికి! ఇక పెదనాయన ఆగలేదు. బోరు బండివాళ్లు ఇంకా లోతుకు ఇంకో రాడ్డు దింపాలా అని అడిగినప్పుడల్లా దింపమనే అన్నారు.

ఇంక పారేయమని నేను బతిమాలాను. దుమ్ము కొట్టుకుపోయిన మొహం పైగుడ్డతో తుడుచుకున్నారు.

“ఎదుటోని మొగం చూసి ముక్క పారేసినా. భూమికి మొగం యాడుంది నాయనా?”

ఆఖరి బోరూ దుమ్మే కక్కింది. ఆ వారమే ఆయన చెట్ల మధ్య ఒరిగిపోయారు.

ఆయన విద్యే ఆయనను కాపాడలేకపోయిందన్న బాధ నన్ను దహించివేస్తోంది. తెలివితో అదృష్టాన్ని నిలువరించవచ్చన్న నా విశ్వాసమూ ఆయనతోపాటే మట్టిలో కలిసింది. అటువంటి గురువు నాకు మళ్లీ దొరకడు. ఆ పుణ్యమూర్తికి చేతులు జోడించడం తప్ప ఏం చేయగలను?

సమాధి మీద మట్టి ఆరకముందే పెద్దమ్మ నన్ను తోట చివరికి తీసుకుపోయింది. అక్కడొక రాయి పాతి ఉంది.

“మీ పెదనాయన పోయే ముందర గుర్తు పెట్టించినాడు. ఇంకొక్కటి ఏపిద్దామా నాయనా?”

బత్తాయి ఆకులు ముడుచుకుని ఉన్నాయి. వద్దనడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నోరు రాలేదు.