నాగలూటి దాటాక వచ్చిన మెసేజ్‌లు

ముప్పై ఏళ్లు కర్నూలులో విలేకరిగా పనిచేశాను. దయ్యం తిరుగుతోందని కబురొచ్చిన ఇళ్లకు స్వయంగా వెళ్లి, అటక మీది పిల్లిని చూపించి వచ్చినవాణ్ణి. ఆ నమ్మకాలు నాకు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

మా బావ ఈరన్నది ఎమ్మిగనూరు. మగ్గం నేస్తాడు. ఏటా ఉగాదికి ముందు తోటి నేతగాళ్లతో కలిసి ఆత్మకూరు దాకా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి నల్లమల గుండా శ్రీశైలానికి నడిచి వెళతాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. దగ్గరున్నది బటన్ల ఫోను. ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కాలో లెక్క నేర్పితే, నాకు ఖాళీ మెసేజ్ పంపడం మాత్రం పట్టుబడింది. మజిలీ చేరగానే ఒకటి పంపేవాడు. అందులో ఏమీ ఉండదు. క్షేమమని అర్థం. నేను మా అక్కకు ఫోన్ చేసి చెప్పేవాణ్ణి.

నాలుగేళ్ల కిందట కూడా అలాగే బయలుదేరాడు. పొద్దున ఏడింటికి వెంకటాపురం నుంచి ఒక ఖాళీ మెసేజ్, పదింటికి నాగలూటి నుంచి ఇంకొకటి వచ్చాయి. నాగలూటి దాటితే సిగ్నల్ ఉండదు. ఇక మరునాడు శ్రీశైలంలోనే అనుకున్నాను.

మధ్యాహ్నం రెండు దాటాక ఫోను మోగింది. బావ నంబరే. ఈసారి మెసేజ్‌లో మాటలున్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"దారి తప్పినా. నీళ్లు లేవు."

వెంట ఉన్నవాళ్లెవరో టైపు కొట్టి పెట్టి ఉంటారనుకున్నాను. ఫోన్ చేస్తే కలవలేదు. అరగంటకు ఇంకొకటి. "పెద్ద గుండు కింద కూసున్నా. దారికి ఎడమపక్క." మూడున్నరకు మూడోది వచ్చింది.

"పక్కన ఎవరో వచ్చి కూసున్నారు. పలకరిస్తే మాట్లాడడంల్యా."

అది చదివాక ఆత్మకూరులో ఉన్న పాత మిత్రుడికి ఫోన్ చేశాను. అతను బండి మీద నాగలూటి వెళ్లి, యాత్రికులకు అన్నదానం చేసేవాళ్లను పోగుచేసి, దారికి ఎడమపక్కన వెతికించాడు. పొద్దు గుంకకముందే ఒక బండరాతి గుండు కింద బావ దొరికాడు. స్పృహ లేదు. పెదాలు పగిలి, ముఖం, నాలుక వాచిపోయి ఉన్నాయి. పక్కన ఎవరూ లేరు. ఆత్మకూరు ఆసుపత్రికి తెచ్చారు. అక్కను తీసుకుని నేనూ రాత్రికి అక్కడికి చేరాను. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు.

మరునాడు పొద్దునకు కళ్లు తెరిచాడు. బావతో నడిచి, కబురు తెలిసి వెనక్కొచ్చిన మద్దిలేటి మంచం పక్కన నిలబడి నవ్వాడు. "ఏమప్పా ఈరన్నా, ఒంటికి పోయొస్తానని అట్లే అడివిలో పండుకుంటివే! మేము ముందర పోయినావనుకొని నడుస్తాంటిమి. అయినా మెసేజులు రాసేది ఎప్పుడు నేర్చినావప్పా?"

"నేను యాడ రాస్తినప్పా? నాకు అచ్చరాలొస్తాయా?" అన్నాడు బావ, గొంతు పెగల్చుకుని.

"పక్కన ఎవరుండ్రి బావా?" అని అడిగాను. నా వైపు చూసి, నీళ్లిమ్మని చెయ్యి చాపాడు.

సంచిలో ఆయన ఫోను చార్జి అయిపోయి ఉంది. చార్జి పెట్టి చూశాను. పంపిన మెసేజ్‌లు రెండే ఉన్నాయి. ఏడింటిది, పదింటిది. రెండూ ఖాళీవే. అనుమానం తీరక బ్యాటరీ విప్పి, సిమ్ము తీసి నా చొక్కా జేబులో వేసుకున్నాను.

అక్క బావకు గంజి తాపుతోంది. వార్డు నిండా ఎండ. మనుషులు తిరుగుతున్నారు. అప్పుడు నా ఫోను మోగింది. బావ నంబరు.

"నేను ఇంగా ఈడనే ఉండా. మీరు ఎవర్ని తీసకపోయినారు?"

తల ఎత్తాను. గంజి మింగుతూ బావ నన్నే చూస్తున్నాడు.

"ఎవురిదిరా?" అంది అక్క.

"ఆఫీసోళ్లదిలే అక్కా."

బయటికొచ్చి మిత్రుణ్ణి మళ్లీ ఆ గుండు దగ్గరికి పొమ్మని బతిమాలాను. "మనిషి దొరికె గదప్పా, ఇంగ ఎవర్ని వెతుకుదాం?" అని విసుక్కున్నాడు. అయినా పోయాడు. ఎవరూ లేరు. గుండు కింద ఇద్దరు కూర్చున్నంత మేర ఎండుటాకులు నలిగి ఉన్నాయన్నాడు. వెతికినవాళ్లు తొక్కినవే కావచ్చు.

సిగ్నల్ లేనిచోట మెసేజ్‌లు ఆలస్యంగా వస్తాయని ఫోన్ల దుకాణాల్లో చెప్పారు. ఆలస్యమే అనుకుందాం. పంపినవాడంటూ ఒకడుండాలి కదా. ఆ నాలుగూ నా ఫోనులో ఇప్పటికీ ఉన్నాయి. ఆ తర్వాత ఇంకేదీ రాలేదు.

బావ బాగున్నాడు. రోజూ మగ్గం మీద కూర్చుంటాడు. నేను ఎమ్మిగనూరు పోయినప్పుడల్లా అక్క నా చెయ్యి పట్టుకుని, "నీ పుణ్యాన నా మనిషి నాకు దక్కెరా తమ్ముడూ" అంటుంది. ఆ చివరి మెసేజ్ సంగతి ఆమెకు చెప్పలేదు.

ఆ రాత్రి ఆత్మకూరు ఆసుపత్రిలో, స్ట్రెచర్ మీద వాచిపోయి ఉన్న ముఖాన్ని చూపించి, "మీ బావేనా? సరిగ్గా చూసి చెప్పండి" అని అడిగారు. అక్క ఏడుస్తోంది. చూసి అవునని చెప్పింది నేనే.