ఎడమ పక్క వెలుతురు

కాజాల పిన్నిని ఆ వీధిలో అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. గుండీ దూరే రంధ్రం చుట్టూ అంచు లేవకుండా వేసే కుట్టే కాజా. మెషీను మీద వేసిన కాజా ఆరు నెలలకే పోగులు విదుల్చుకుంటుంది. పిన్ని చేత్తో వేసింది మాత్రం కోటు చిరిగి పీలికలైనా అలాగే ఉంటుంది. ఆ సంగతి ఆవిడకు బాగా తెలుసు, తెలుసన్న విషయం దాచుకోదు కూడా. పని వచ్చినవాళ్ళకు ఆ మాత్రం అతిశయం ఉంటేనే అందం.

అలాంటి పిన్ని పని మీదకే ఒకరోజు పొద్దున ఫిర్యాదు వచ్చింది.

బస్సు డిపో డ్రైవర్లకు ముదురు నీలం కోట్లు ఇరవై కుట్టి పంపింది. డిపో సూపర్‌వైజరు వాటిని ఎండలో వరుసగా తగిలించి చూసుకున్నాడట. పన్నెండింటికి నీలం కాజాలు, మిగతా వాటికి నల్ల కాజాలు! ఆ ఎనిమిదీ సంచిలో వేసుకుని ఇంటికే వచ్చాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచలేదు.

"పిన్నిగారూ, ఇవి విప్పి మళ్ళీ కుట్టేస్తే సరిపోతుంది. కానీ ఇంకో నలభై ఉన్నాయి చూడండీ... అవి వేరేచోట ఇద్దామా అని ఆలోచిస్తున్నాం. మీకూ పెద్ద వయసు వచ్చింది కదా, కళ్ళు శ్రమపెట్టడం ఎందుకని."

పిన్ని ఒక్కో కోటునూ కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూసింది. తప్పు తప్పే. వయసులో ఉన్నప్పుడు ఎవరైనా ఇలా నల్లదారం వేస్తే నవ్వి ఉండేది. ఇప్పుడు చెవులు వేడెక్కాయి, సిగ్గేసింది.

గోడకు ఆనుకుని నిలబడ్డ ఫ్యూజు బాబాయి, అంటే పిన్ని మొగుడు, సందు దొరికింది కదా అని అందుకున్నాడు. ఆయన నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకు కరెంటు పని చేసి మానేసినవాడు. "నే చెప్తూనే ఉన్నానండీ. అరవై దాటాయి, ఇంక చాలు అంటే వింటేగా!"

పిన్ని ఆయన మాట పట్టించుకోలేదు. ఎనిమిదో కోటు ఆవిడ చేతిలో ఆగిపోయింది. ఆ కోటుకు పైన మూడు కాజాలు నీలం, కింద రెండు నలుపు. ఆవిడ ఎప్పుడూ పైనుంచి కిందికి కుడుతుంది. అంటే ఈ కోటు సగంలో ఉండగా ఏదో మారింది. ఆ గది కిటికీ తూర్పుకి ఉంది. మధ్యాహ్నం దాటితే గది మసకబారుతుంది, నాలుగైతే లైటు వేయక తప్పదు. నీలం రీలు, ప్యాంట్ల కోసం తెచ్చిన నల్ల రీలు ఒకే డబ్బాలో ఉన్నాయి. కాజా కాజాకూ కొత్త పోగు తెంపుకోవాలి.

"మూడు కాజాలు వేశాక లైటు వేశాను," అంది పిన్ని మెల్లగా. తర్వాత గొంతు పెరిగింది. "బాబూ, పగలు కుట్టినవన్నీ నీలమే. లైటు కింద కుట్టినవన్నీ నలుపు. పగలొక జత కళ్ళు, సాయంత్రం ఒక జత కళ్ళు పెట్టుకుంటానా నేను? లోపం నా కళ్ళది కాదు, ఆ బల్బుది."

బాబాయికి అది బాణంలా తగిలింది. ఆ బల్బు ఆయనే పెట్టాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస."

"మద్దెల నిజంగానే ఓడైతే?"

సూపర్‌వైజరు మొగుడూ పెళ్ళాల మధ్య ఇరుక్కుని నేలచూపులు చూశాడు. పిన్ని అతనికి గడువు పెట్టింది. "శనివారం అయిదింటికి రండి. మా గదిలో చీకటి పడే వేళ అది, వీధిలో ఇంకా ఎండ ఉంటుంది. మీరు ఇచ్చిన దారంతో మీ ముందే కాజా వేస్తాను. ఎండలో చూసుకోండి. రంగు తప్పిందా, నలభై కాదు కదా, ఇంక ఎవరి చొక్కా గుండీ కూడా కుట్టను. మెషీనుకి గుడ్డ కప్పేస్తాను."

అనేశాక మెషీను వంక ఒకసారి చూసుకుంది. ముప్పై ఏళ్ళుగా పొద్దున లేవగానే ఆవిడ చెయ్యి వెతికేది సూదినే. అయినా అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు. ఈలోగా పక్కింటావిడ "పిన్నికి నలభై కోట్లు వస్తాయట, పోతాయట" అని సగం విని గుండె పట్టుకుందట. కుట్టే కోట్లని తెలిశాక గానీ ఆవిడకు అన్నం సయించలేదు.

ఆ సాయంత్రం పిన్ని అయిదు నల్ల రీళ్ళు, అయిదు నీలం రీళ్ళు కలిపి మొగుడి ముందు పోసింది. వీధి చివర్న బస్సు నంబరు చదవగలనని గొప్పలు పోయే మనిషి ఆయన.

"ఏమండీ, మీ డేగకళ్ళతో వేరు చేయండి చూద్దాం."

ఆయన తన బల్బు కింద కూర్చుని, ఒక్కో రీలూ తిప్పి తిప్పి చూసి రెండు కుప్పలు పోశాడు. పొద్దున కిటికీ దగ్గర చూస్తే నాలుగు తప్పు. పసుపు వెలుతురు నీలాన్ని మింగేసింది. దీపం కింద చీకటి అని లోకం ఊరికే అనలేదు. ఊరంతటికీ లైట్లు పెట్టిన మనిషి, ఇంట్లో గది ముఖం ఎన్నడూ చూడలేదు.

మర్నాడు పిన్ని ఆ రెండు రంగుల రీళ్ళే ఒక్కొక్కటి చేతిసంచిలో వేసుకుని లైట్ల కొట్టుకు వెళ్ళింది. కొట్టు అమ్మాయి ముందు కళ్ళకు చల్లగా ఉంటుందని ఒక బల్బు వెలిగించింది. రెండు రీళ్ళూ నల్లగా కనిపించాయి. "ఇది నిద్రకి, కుట్టుకి కాదు," అని పిన్ని తోసేసింది. రెండోది పాలలా తెల్లగా, ధగధగా వెలిగింది. అమ్మాయి మురిసిపోయింది. పిన్ని మురవలేదు. ఆ తెలుపులో నీలం కలిసి ఉంది, నల్ల రీలు కూడా నీలంగా కనిపిస్తోంది.

"మొదటిది నీలాన్ని దాచింది, ఇది లేని నీలాన్ని చూపిస్తోంది. రెండూ అబద్ధాలకోర్లే."

"ఎంత వెలుగిస్తుంది అనే అడుగుతారు పిన్నీ అందరూ. రంగు చూసి కొనేవాళ్ళని నేనెక్కడా చూడలేదు," అంటూ అమ్మాయి వెనక అర నుంచి ఒక పొడుగు ట్యూబు దించింది. రంగును ఎంత నిజంగా చూపిస్తుందో పెట్టె మీద అంకె వేస్తారనీ, అది నూటికి ఎంత దగ్గరైతే అంత మంచిదనీ చెప్పింది. దీని మీద తొంభై అయిదు ఉంది. పిన్ని అంకెను నమ్మలేదు. రీళ్ళు ట్యూబు కింద పెట్టి చూసి, గుమ్మం బయట ఎండలో చూసి, మళ్ళీ లోపలికి వచ్చి, అలా నాలుగుసార్లు తిరిగింది. రెండు చోట్లా నీలం నీలమే, నలుపు నలుపే. మెడ వంగే చిన్న బల్ల దీపాన్ని కూడా అదే పరీక్ష పెట్టి తీసుకుంది.

ఇంటికి తెచ్చాక బాబాయి నిచ్చెన వేసి, ట్యూబును పాత బల్బు ఉన్నచోటే, గది మధ్యలో బిగించాడు. పిన్ని కుర్చీలో కూర్చుంది. కాస్త వంగగానే ఆవిడ తల నీడ వచ్చి సూది మీద పడింది.

"ఇక్కడ కాదు."

"ముప్పై ఏళ్ళుగా ఉన్న చోటే కదే!"

"అయితే మీరే కూర్చోండి. ఒక్క గుండీ కుట్టండి."

ఆయన కూర్చున్నాడు. సూదిలో దారం ఎక్కించడానికి వంగాడు. తన తల నీడలో సూది బెజ్జం మాయమైంది. అటు జరిగాడు, ఇటు జరిగాడు, నీడా జరిగింది. గుండీ పక్కన పెట్టి లేచి, నిచ్చెన గోడ దగ్గరికి లాక్కున్నాడు. ట్యూబును మెషీనుకు ముందువైపు, పిన్నికి ఎడమ పక్కగా దించి బిగించాడు. కుడిచేతితో కుట్టే మనిషికి ఎడమనుంచి వెలుతురు వస్తేనే చేతి నీడ పని మీద పడదు. బల్ల దీపాన్ని పిన్నే సర్దుకుంది. బాగా కిందికి వంచి బట్ట మీద ఏటవాలుగా పడేట్టు చేస్తే, ముదురు బట్టలో ముదురు కుట్టు ఉబ్బెత్తుగా లేచి కనిపిస్తుంది. ఆ పూటే ఎనిమిది కోట్ల తప్పుడు కాజాలూ విప్పేసింది. ఒక్క పోగు కూడా బట్టలో మిగల్లేదు.

శనివారం అయిదింటికి సూపర్‌వైజరు వచ్చాడు. జేబులోంచి ఆరు రీళ్ళు తీసి బల్ల మీద కలగాపులగంగా దొర్లించాడు. పిన్ని చెయ్యి తడుముకోలేదు. మూడు అటు, మూడు ఇటు నెట్టి, నీలం పోగు తెంపి, సూదికి ఒక్కసారికే ఎక్కించి, విప్పిన కోట్లలో ఒకదానికి కాజా మొదలుపెట్టింది. కుట్టు పక్కన కుట్టు, వెంట్రుకవాసి కూడా సందు లేకుండా పడుతూ వెళ్ళింది. ముడి వేసి దారం కొరికి కోటు అందించింది.

అతను దాన్ని వీధిలోకి తీసుకెళ్ళి ఎండకు పెట్టి, దగ్గరగా ఒకసారి, చెయ్యి చాచి ఒకసారి చూశాడు. రీళ్ళు కూడా చూసుకున్నాడు. లోపలికి వచ్చి, బయట ఆటోలో నలభై కోట్ల బట్ట ఉందనీ, దింపించమంటారా అనీ అడిగాడు.

"మీరు తీసుకొచ్చేశారా?" అంది పిన్ని.

"మీరు అంత గట్టిగా చెప్పాక తీసుకురాకుండా ఎలా వస్తానండీ!"

అతను వెళ్ళాక మూటలు గోడవారగా పేర్చి ఉన్నాయి. పిన్ని మొదటి మూట విప్పుతోంది. బాబాయి మాత్రం గది మధ్యలో, పైకప్పుకు మిగిలిన ఖాళీ హోల్డరు కిందే నిలబడిపోయాడు.

"ముప్పై ఏళ్ళు," అన్నాడు. "నీ వీపు వెనక దీపం పెట్టాను. నువ్వు కుట్టిందంతా నీ నీడలోనే కుట్టావు. పైగా నీ కళ్ళు పోయాయన్నాను."

పిన్నికి కళ్ళు చెమర్చాయి. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో ఆవిడకు తెలుసు. దగ్గరికి వెళ్ళి భుజం తట్టింది. తర్వాత కుర్చీలోకి వచ్చి కూర్చుని సూది చేతిలోకి తీసుకుంది. ఆయన కూడా వెనకే వచ్చి, ఎలా కుడుతుందో మొట్టమొదటిసారి చూద్దామన్నట్టు ఎడమ పక్కన వంగి నిలబడ్డాడు.

"నీడలోనే అంత బాగా కుట్టానంటే, వెలుతురులో ఎలా కుడతానో చూడండి," అంది పిన్ని. "ముందు కాస్త ఇటు కుడిపక్కకు రండి. దీపానికి అడ్డొస్తున్నారు."