నీలి పెద్దమ్మ కట్టిన దారం

మా ఎదురింటి నీలి పెద్దమ్మ పోయింది. ఆదోనిలో మేనత్త ఇంట్లో ఉండి హైస్కూలు చదువుకుంటున్న నాకు ఆ కబురు చెప్పడానికి మా ఊరు ఎమ్మిగనూరు నుంచి చిన్నాయన తొలి బస్సుకే వచ్చాడు. గడపలో నిలబడి, "పెద్దమ్మ ఇంగ లేదు పాపా" అన్నాడు. మగ్గం ముందు కూర్చుంటే నోరు మూతపడని మనిషి, మళ్లీ ఊరు చేరేదాకా బస్సులో పంచెకంటిన నూలు పీచు గిల్లుకుంటూ కూర్చున్నాడు.

ఆమె మాకు చుట్టం కాదు. మా నేతగాళ్ల వీధిలో నూలుకు నీలిరంగు వేసేది. మోచేతుల దాకా ఎప్పుడూ నీలమే. పెళ్లిళ్లకు పసుపు రాసుకుని వస్తే ఆ చేతులు చిలక రెక్కల్లా ఉండేవి. పొద్దున్నే పెరట్లోని రంగు బానల్లో చిటికెన వేలు ముంచి, నాలుక కొనకు తాకించి, ఉమ్మేసేది. "దీనికి సున్నం సాలలే", "ఇది రేపటికి పండుతాది" అని చెప్పేది. వీధంతా ఆ నాలుకను నమ్మేది. నేను పుస్తకంలో దొరికిన కొత్త మాట ఏదైనా ఆమె ముందు పలికితే, "ఇంగోసారి అను, రుసి సూస్తా" అనేది.

పోయిన ఎండాకాలం నేను సెలవులకు వచ్చినప్పుడు ఊరవతల వంక గట్టు మీద ఆరు ఇనప డ్రమ్ములు కనిపించాయి. ఏ లారీ దించిపోయిందో ఎవరూ చూడలేదు. వాటి మీద రాత లేదు. ఒకదాని అతుకు నుంచి ఏదో చుక్క చుక్కగా ఇసుకలోకి కారుతోంది. ఎగువన వంక ఎండిపోయింది. డ్రమ్ముల దిగువనే కాస్త ఊట. నూలు జాడించేదీ అక్కడే, చెలమలు తవ్వి తాగేనీళ్లు తోడుకునేదీ అక్కడే.

మా వీధిలో నీళ్లకూ రంగుకూ పనికొచ్చే డ్రమ్మంటే బంగారం. పైగా రంగు మందులు డ్రమ్ముల్లోనే వస్తాయి కనుక, ఇవి దారి తప్పిన రంగులేనని అందరూ నమ్మేశారు. చిన్నాయన పంచె ఎగ్గట్టి, కారుతున్నదాన్నే దొర్లించబోయాడు. అప్పుడే పెద్దమ్మ రంగులో ముంచిన తడి నూలు చిలపలు, అంటే పోగుల చుట్టలు, తట్టలో పెట్టుకుని జాడించడానికి వచ్చింది.

"సరిగ్గా వచ్చినావు అక్కా! రోంత నాలుక మీద ఏసుకుని ఇది ఏ రంగో సెప్పు" అన్నాడు.

"ఏసుకోను."

"యాల? దినామూ ఏసుకుంటావు గదా!"

"అది నేను కలిపిన బాన. దాంట్లో ఏముందో నాకెరుక. దీని పేరే నాకు తెల్దు. పేరు తెలీనిదాన్ని నాకి సూసే పిచ్చిది యాడన్నా ఉంటే ఎతుక్కో పో."

అందరూ నవ్వారు. చిన్నాయన ఊరుకోలేదు. "నాలుక మొద్దుబారిందని ఒప్పుకోరాదా!"

"బారిందిలేరా. ముందు నీ సెయ్యి తియ్."

చెయ్యి తీశాడు. ఆమె అతణ్ణి మునసబు దగ్గరికి తరిమింది. మిగిలినవాళ్లను డ్రమ్ముల మీది గాలి తగలని వైపుకు దూరంగా నడిపించింది. వంకలోకి దిగే దారికి అడ్డం కట్టడానికి తాడు లేదు. తట్టలోని చిలపలు విప్పి, రెండు తుమ్మచెట్ల మధ్య ఆ నీలి నూలునే కట్టేసింది.

సున్నం పట్టిన నూలును ఆ రోజే నీళ్లలో జాడించకపోతే పోగు పెళుసైపోతుంది. ఆమె అద్దిన నూలు మగ్గం మీద తెగిందన్న మాట మా వీధి ఏనాడూ వినలేదు. ఆమెకున్న పేరంతా అదే. ఆ సంగతి అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

మూడు రోజులు దూరపు మోటబావి నుంచి నీళ్లు మోసుకొచ్చుకున్నాం. అవి తాగడానికే చాలలేదు. బిందెలు మోసిన ఆడవాళ్లు ఆమెను నోరారా తిట్టారు. ఆమె తుమ్మచెట్టు నీడలో కాపలా కూర్చుంది. నేను సంగటి తీసుకుపోతే, "కొత్త మాట ఏమన్నా తెచ్చినావా?" అంది.

"అజ్ఞాతం" అన్నాను. అర్థం చెప్పాను.

రెండుసార్లు పలికి చూసుకుంది. "తెల్దు అనేదానికి ఇంత సక్కటి మాటుందా! మరి సెప్పేదానికి అందరికీ సిగ్గెందుకు?"

మూడో రోజు ఆదోని నుంచి అధికారులు లారీతో వచ్చారు. చేతులకు తొడుగులు వేసుకుని డ్రమ్ములను నిలువుగా ఎక్కించారు. ఇందులో ఏముందని అడిగితే, "మాకూ తెలియదమ్మా" అన్నారు. చుక్కలు పడినచోట ఇసుక పచ్చగా గడ్డకట్టింది. దాన్నీ తవ్వుకుపోయారు. వానలు పడ్డాక కూడా అక్కడ గడ్డి మొలవలేదు. అది ఏమిటో మాకు ఈ రోజుకీ తెలియదు. మొదటి వరద పోయేదాకా పాత చెలమల జోలికి పెద్దమ్మ ఎవరినీ పోనివ్వలేదు.

తుమ్మచెట్ల నుంచి విప్పిన నూలును చిన్నాయనే మగ్గానికెక్కించాడు. పుటుక్కు పుటుక్కున తెగింది. వీధిలోకి వచ్చి, "అక్కా, నీ నూలు తెగిందహో!" అని అరిచాడు.

పెద్దమ్మ పెరట్లో నుంచే జవాబిచ్చింది. "తెగనీలేరా. నూలు ఇంగోసారి ముంచుకుంటా. నీ సెయ్యి ఇంగోటి యాడ తెస్తును?"

చిన్నాయన లోపలికి పోయాడు. తెగిన పోగులు ముడేసుకుంటూ ఆ తాను పూర్తి చేశాడు.

నిన్న ఆమెను ఆ దారినే వంక అవతలికి తీసుకుపోయారు. ఆడవాళ్లం గట్టు దాకా వెళ్లాం. పాడె ముందు పక్క చిన్నాయన భుజం మీద ఉంది. తుమ్మకొమ్మకు అప్పటి పోగు ఒకటి ఇంకా చిక్కుకుని, రంగు వెలిసి, దారి మీదికి వేలాడుతోంది. దారికి అడ్డమంటూ ఏమీ లేదు. అయినా చిన్నాయన అక్కడ ఆగాడు. తక్కినవాళ్లకు తలతో సైగచేసి, పాడెను పక్కనున్న ముళ్లకంపలోంచి చుట్టూ తిప్పి దించాడు. వెనక వచ్చినవాళ్లు కూడా అలాగే దిగారు. వాళ్లంతా వంక దాటిపోయాక కూడా ఆ పోగు తెగకుండా గాలికి ఊగుతూనే ఉంది.