ఎవరి మాట ఎక్కడ ముగిసిందో

సూరత్ బట్టల మార్కెట్‌లో నన్ను బేరంలో బోల్తా కొట్టించినవాడు ఇంకా పుట్టలేదు. అందుకని ఆ పని నేనే చేసుకున్నాను. పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి, తప్పులు దిద్ది నెట్‌లో పెట్టే స్వచ్ఛంద బృందంలో నేనొకణ్ణి. కథల పుస్తకం ఇస్తామంటే వద్దని, సూరత్‌లోనే కోసాడ్‌లో మేముండే బిల్డింగ్‌లో పై అంతస్తు పెద్దమ్మ వాళ్ళ నాన్న రాసిన పుస్తకం తీసుకున్నాను. అందులో సగం ఉల్లేఖనలే. ఎవరివో మాటలు గదా, అంత జాగ్రత్తగా చూడక్కర్లేదు, సగం శ్రమ మిగిలిందనుకున్నాను.

ఆయన పల్లెటూరి బడిపంతులు. నేతపనివాళ్ళ పిల్లలకు చదువెందుకన్న పెద్దమనుషుల రాతలను పేజీలకు పేజీలు ఎత్తిరాసి, ప్రతిదానికీ జవాబు చెప్పాడు. మిగిలిన ఆ ఒకే ఒక్క ప్రతి ఊళ్ళో పెట్టె అడుగున దొరికేసరికి పెద్దమ్మకు చూపు మందగించింది. పూర్తిగా పోకముందే, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదవాలని ఆమె ఆశ.

పొడుగు ఉల్లేఖనకు మొదట ఒక గుర్తు, చివర ఒక గుర్తు పెట్టాలి. మధ్య వరుసలు లోపలికి జరుగుతాయి. అవి వేరొకరి మాటలని తెలుస్తుంది. తెరమీద పేజీలు ఒక్కొక్కటే వస్తాయి. పొద్దుపోతే గల్లాపెట్టె మూయాల్సిందే అనే ఇంట్లో పెరిగినవాణ్ణి, ప్రతి పేజీ అడుగునా ముగింపు గుర్తు పెట్టి మూసేశాను. అదే ఉల్లేఖన మరుసటి పేజీలో సాగుతున్నా మళ్ళీ తెరవలేదు. పెద్దమనుషుల మాటలు పంతులు నోట్లోకి వచ్చిపడ్డాయి.

పుస్తకం నెట్‌లో పెట్టాక ఒక పొద్దున పెద్దమ్మ మెట్లు దిగొచ్చి ఫోన్ నా ముందు పెట్టింది.

"ఏంది బిడ్డా, నేసేటోళ్ళ పోరగాండ్లకు చదువు అబ్బదని మా నాయిన రాసిండా?"

"లేదు పెద్దమ్మా, అవి వేరేటోళ్ళ మాటలు. గుర్తులు జర తప్పినయ్."

"గట్లయితే రాత్రంతా నేను ఎవరి మాటకు ఏడ్చినట్టురా?"

మా బృందం పనులు చూసే అమ్మాయికి ఫోన్ చేసి, సగం నువ్వు దిద్దు, సగం నేను అన్నాను.

"బట్ట తాను కాదన్నా, చెరిసగం కోసుకోవడానికి. ప్రతి పేజీ స్కాన్‌తో పోల్చాలి. ఎవరు పెట్టిన తప్పు గుర్తులు వాళ్ళే తీయాలి."

ఇంట్లోవాళ్ళు ఆదివారాలు డుమస్ బీచ్‌కు పోయి బజ్జీలు తినొచ్చారు. నేను తెర ముందు. మా ఇంటికి ఒకటే గుమ్మం, ఆ గుమ్మంలో పెద్దమ్మ కుర్చీ. "అయిందా?" అని కూడా అడగదు. అడిగితే ఏదో ఒక గడువు బేరమాడేవాణ్ణి. పాత అచ్చులో చాలాచోట్ల ఉల్లేఖన మొదలైన జాడ ఉంది, ముగిసిన జాడ లేదు. ఒక్కో పేరా పదిసార్లు చదివితే గాని ఎవరు మాట్లాడుతున్నారో తేలదు.

చివరి బిల్లు ఇది. గుర్తులన్నీ సరిచేశాను. ఈలోగా అక్షరం ఎంత పెద్దదైనా ఆనని స్థితికి పెద్దమ్మ చూపు చేరింది. ఇప్పుడు నేను చదువుతుంటే వింటోంది. తన కళ్ళతో ఆమె చదువుకున్న నాన్న పుస్తకం మాత్రం నేను పాడుచేసిందే.