దళారులు నోరు మూసుకున్న ఏడాది

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో నంద్యాలలో ఇళ్లకు గిరాకీ లేచింది. దాంతోపాటు ఇళ్ల దళారులూ లేచారు. హోటల్లో కూర్చుని "ఇల్లు" అన్నామంటే చాలు, బల్ల కింది నుంచి ముగ్గురు బయటికొచ్చేవారు. కోతలరాయుడినని నాకు పేరు గానీ, వాళ్ల ముందు నేను మౌనవ్రతం పట్టినవాణ్ణే.

ఒకడు ఇల్లు చూపిస్తుంటే ఇంకొకడు వీధిలోంచి అరిచేవాడు.

"అన్నా, వానొస్తే ఆ మిద్దె జల్లెడే!"

"నువ్వు జూపించేది మాత్రం ఏందప్పా? గోడనిండా చెదలే గదా!"

ఇద్దరూ అబద్ధాలకోరులే. కానీ ఆ తగువు చివరిదాకా విన్నవాడికి రెండిళ్ల లోగుట్టూ తెలిసిపోయేది.

ఇట్లా ఉండగా ఒకే ఇంటిని ఇద్దరు దళారులు ఇద్దరికి అంటగట్టారు. ఊరి పెద్దలు కూర్చుని కట్టుబాటు పెట్టారు. వీధికి ఒకే దళారి. ఒకరి వెంట తిరిగిన మనిషికి ఇంకొకరు ఇల్లు చూపకూడదు, ఎదుటివాడి బేరంలో నోరు పెట్టకూడదు. పెడితే దళారీ పని మానుకోవాల్సిందే. అందరం మెచ్చుకున్నాం. నేనైతే కాస్త గట్టిగానే మెచ్చుకున్నాను.

ఆ వానాకాలంలోనే ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు కాపురం మార్చాం. మా ఆవిడ కోరింది ఒక్కటే, పెరట్లో మంచినీళ్ల బావి. పెళ్లయిన నాటి నుంచీ ఊరవతలి బావి నుంచి బిందె మోసి మోసి ఆమె నడుము ఒక పక్కకు ఒరిగిపోయింది.

మాకు దొరికిన దళారి పద్ధతైన మనిషి. ఒక్క అబద్ధమూ ఆడలేదు. తన వీధిలో ఉన్న ఒక్క ఇల్లూ చూపించాడు. పక్క వీధిలో ఇంకొకటి ఉందట కదా అని అడిగితే, "అది నా వీధి గాదు సామీ, మాట్లాడగూడదు" అన్నాడు.

బావి నిండుగా ఉంది. మా ఆవిడ దోసిట పట్టి తాగి, ఆళ్లగడ్డ వదిలాక మొదటిసారి నవ్వింది. పక్క వీధి దళారి మూలమీద నిలబడి వక్కాకు నములుతూ మమ్మల్నే చూస్తున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు. ఉమ్మడానికేమో అనుకుని, ఆ ఇల్లే కొనేశాను.

ఎండలు ముదిరాక బావిలో వాననీళ్లు తరిగి అసలు ఊట బయటపడింది. ఒకటే ఉప్పు. మా బావిలో సముద్రపు చేపలు ఈదుతున్నాయని ఊళ్లో చెప్పుకొచ్చాను. ఇంట్లో ఎవరూ నవ్వలేదు. పొద్దున పొయ్యెక్కించిన కందిపప్పు మధ్యాహ్నానికీ ఉడికేది కాదు.

పక్క వీధి దళారిని నిలదీశాను. "నీకు ముందే తెలుసు గదప్పా?"

"తెలుసన్నా. ముందు మాదిరైతే గొంతు చించుకొని అరిచేటోణ్ణి. ఆపొద్దు నోరిప్పింటే నా పిల్లోళ్లు ఏం తినాల?"

"మరి నీ వీధిలో ఇల్లు?"

"దాని బాయి నీళ్లు టెంకాయ నీళ్లేన్నా. వేరేవాళ్లు కొనేసిరి."

ఆ మాటలో కోత లేదని ఆ నీళ్లు తాగి చూశాక తెలిసింది.

ఇప్పుడు మా ఆవిడ ఆ ఇంటి నుంచే నీళ్లు తెస్తోంది. రెండో బిందె పట్టుకుని వెనక నేను నడుస్తాను.

"ఏందీ, అట్ల మూగోని మాదిరి వస్తాండావ్? ఏదన్నా కత చెప్పు, దావ తెలీకుండా పోతాది" అంటుంది.

ఊరందరికీ చెప్పడానికి ఉన్న కతల్లో ఒక్కటీ ఆ దారిలో నా నోటికి రాదు.