తిరగెయ్యరాని సంచి

మా బిడ్డ ఆఫీసు దోస్తులతోని ధర్మసాగర్ చెరువు కాడ టెంటు వేసుకొని ఒక రాత్రి ఉంటదట. టెంటు, దాని గొట్టాలు, చిన్న స్టవ్వు అన్నీ పట్టే సంచి ఆన్‌లైన్‌ల చూస్తాంటే, కొనుడెందుకు, నేను కుడత అన్న. ఇన్నేండ్ల సంది జాకెట్లు కుట్టే చెయ్యి, సంచి కుట్టదా?

మందం కాన్వాసు తెచ్చిన. అడుగుకు, పట్టీలకు తోలు తెచ్చి, నూనె రాసి మెరిసేదాక రుద్దిన. పట్టీలు ముందుగాలనే కుట్టేసి, జాకెట్టుకు చేసినట్టే మంచి దిక్కు లోపలికి పెట్టి చుట్టూ ఉల్టా కుట్టిన. ఆఖరుకు తిరగేద్దామని మూతిల చెయ్యి పెట్టి అడుగును గుంజిన. తోలు పలక లెక్క నిలబడ్డది. జర కూడా వంగలేదు.

మా ఆయనొక దిక్కు, నేనొక దిక్కు గుంజినం.

"తడిపి చూద్దామా?" అన్నడు.

"ఆరినంక కట్టె లెక్కైతది. నువ్వు ఊకో."

కుట్లు ఇప్పుదామంటే తోలుకు పడ్డ సూది బొక్క పూడదు. మళ్ల కుడితే ఆ గీత పొంటే చినుగుతది. సంచిని ఉల్టాగనే మిషిను పక్కకు పెట్టి పండుకున్న.

తెల్లారి బిడ్డ సామానంతా దాంట్లనే సదిరింది. దారాలు, అంచులు బయటికే. మెరిసే పట్టీలు లోపల, గొట్టాల నడుమ.

"మంచిగనే కుట్టినవ్ అమ్మా" అంటనే, ఎక్కడ పట్టుకోవాల్నో వెతికింది. ఆఖరుకు పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతోని ఎత్తుకొని ఆటో దాక పోయింది.