మానుకోట బస్టాండులో నీడ

డెబ్బైల్లో ఒక ఎండాకాలం, మధ్యాహ్నం తిరిగాక మహబూబాబాద్ బస్టాండులో బస్సు కోసం చూస్తున్నాను. మా వైపు ఆ ఊరిని మానుకోట అంటారు. అప్పుడు హైదరాబాదులో భవనాలు గీసే చదువు చదువుతున్నాను. పెద్ద పెద్ద మేడలు కట్టాలని చేరినవాణ్ణి, అప్పటికే విసిగిపోయి ఉన్నాను.

రేకుల షెడ్డు కింద జనం కిక్కిరిసి ఉన్నారు. బయట ఎండలో చద్దరు పరిచి ఒక పెద్దాయనను పడుకోబెట్టారు. ఆయన భార్య తన నీడ ఆయన ముఖం మీద పడేలా నిలబడి ఉంది.

"ఇంటికి తీస్కపొమ్మన్నరు బిడ్డా, దవాఖానల," అంది. "దంతాలపల్లి బస్సు జాడ లేదు."

"నువ్వు జర కూసో అవ్వా, నేను నిలవడ్త."

ఆమె కూర్చోలేదు. కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. "గిక్కడ నిలవడు. ఈయన కాళ్లకు సుత నీడ అయితది."

ఎండ జరిగినకొద్దీ ఇద్దరమూ జరిగాం. ఒకసారి ఆయన కళ్లు తెరిచి, "సల్లగున్నది," అన్నాడు. ఆమె ముఖం అటు తిప్పుకుంది. తర్వాత బస్సొచ్చింది. ఆయనను పట్టుకుని ఎక్కించాను.

చదువయ్యాక నేను మేడలు వదిలి, వాటి చుట్టూ ఉండే నేలనూ చెట్లనూ గీసే పనిలోకి వెళ్లాను. ఎందుకని అడిగితే చెట్లంటే ఇష్టమనేవాణ్ణి. ఏళ్ల తర్వాత భూపాలపల్లిలో ఒక దవాఖాన ఆవరణ నా చేతికొచ్చింది. ముందువైపు పూలమొక్కలు పెట్టమన్నారు. రోగుల వెంట వచ్చినవాళ్లు కూర్చునే చోట వేపమొక్కలు పెట్టిస్తానన్నాను.

"గవి పెరిగేసరికి ఏండ్లు పడ్తయి గద సార్," అన్నాడు మేస్త్రీ.

పడతాయన్నాను. గుంతలు తవ్వించడం మొదలుపెట్టాను.